కీళ్లు మరీ వదులుగా ఉన్నవాళ్లు ఏ వ్యాయామం చేయాలి?

బెజవాడ అమ్మాయి:
నాకు 31 ఏళ్లు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. బొటనవేలు వంచితే ముంజేతికి ఆనుతుంది, మోకాళ్లు వెనక్కి వంగుతాయి, ముందుకు వంగితే అరచేతులు నేలకు పూర్తిగా ఆనతాయి. అప్పట్లో అందరూ "ఒళ్లు భలే వంగుతుందే" అని మెచ్చుకునేవారు. ఇప్పుడు యోగా క్లాసుకు వెళ్లొచ్చిన మర్నాడు తుంటి దగ్గర ఒకటే నొప్పి. మొన్న పచ్చడి జాడీ మూత తిప్పుతుంటే బొటనవేలు మొదట్లో కలుక్కుమంది. అటక మీది పెట్టె దించుతుంటే కుడి భుజం జారినట్టయి, మళ్లీ తనంతట తనే సర్దుకుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. క్లాసులో టీచరేమో "నువ్వు ఇంకా కిందికి వెళ్లగలవమ్మా" అని వీపు మీద చెయ్యేసి నొక్కుతారు. ఇంట్లో అన్నీ మానెయ్యమంటున్నారు. మానేస్తే నొప్పి ఇంకా పెరుగుతోంది. ఇలాంటి ఒళ్లున్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు అక్క:
చెల్లీ, మానొద్దు. నాదీ పుట్టుకతో ఇదే ఒళ్లు. నలభై దాటాయి, ఇప్పటికీ బరువులు ఎత్తుతున్నా. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లే మనకు వదులు. వ్యాయామంతో అవి బిగుసుకోవు. చుట్టూ ఉన్న కండరాలకే ఆ పని అప్పజెప్పాలి.

నిలబడటం దగ్గర మొదలుపెట్టు. అద్దానికి పక్కగా నిలబడి మోకాలు చూసుకో. మనకు తెలియకుండానే అది విల్లులా వెనక్కి పోతుంది. తొడ కండరం వదిలేసి, ఒంటి బరువంతా మోకాలి వెనక లిగమెంట్ల మీద వేసేస్తాం. ఇప్పుడు మోకాలు రవ్వంత ముందుకు వదులు. తొడ మీద చెయ్యేస్తే కండరం గట్టిపడటం తెలుస్తుంది. మొదట్లో వంగి నిలబడ్డట్టు అనిపిస్తుంది కానీ, అద్దంలో చూస్తే నిటారుగానే ఉంటావు. పొయ్యి దగ్గరైనా బస్టాపులోనైనా ఇలాగే నిలబడు. కూచిపూడిలో మోకాళ్లు పక్కలకు వంచి నిలబడే అరమండిలో, మోకాళ్లు పాదాల వేళ్ల వైపే పోవాలని గురువులు చెబుతారు కదా, మెట్లెక్కేటప్పుడూ అదే పాటించు.

ఆసనాలు వదలక్కర్లేదు. నువ్వు వెళ్లగలిగినంతలో ముప్పావు వంతు దగ్గర ఆగి, కండరాలు బిగించి అక్కడే ఉండు. నుదురు మోకాళ్లకు ఆనించడం మనకు చిటికెలో పని, దానివల్ల మనకొచ్చే బలమేమీ లేదు. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే సేతుబంధాసనంలో పిరుదులు బిగించి పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంటే అసలు శ్రమేంటో తెలుస్తుంది. చిన్నపిల్లలు వంగుతున్నారని మెచ్చుకుని మరీ వంచేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కాకినాడ ఫిజియో:
అక్క గారు చెప్పింది సరైనదే. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. మీ తేడా లిగమెంట్లలో ఉంది కాబట్టి అది మామూలుగా రావడంలో వింత లేదు. బైటన్ స్కోరు అని 9 మార్కుల పరీక్ష ఒకటుంది. రెండు చిటికెన వేళ్లు, రెండు బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు, నేలకు ఆనే అరచేతులు చూస్తారు. మీ వయసులో 5, ఆపైన వస్తే కీళ్లు బాగా వదులు అనుకుంటాం. స్కోరు ఎక్కువున్నంత మాత్రాన జబ్బు కాదు. చాలామందికి ఏ నొప్పీ ఉండదు.

కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు అందే కబురు కూడా మీలాంటివారిలో కొంత మందకొడిగా ఉంటుంది. అందుకే నెమ్మదిగా, వీలైతే అద్దం ముందు చేయండి. భుజానికి: మోచెయ్యి ఒంటికి ఆనించి, పిడికిలితో గోడను ముందుకు, ఆపైన పక్కకు నొక్కండి. చెయ్యి కదలకూడదు, కండరం మాత్రమే బిగియాలి. ఐదారు సెకన్లు చాలు. అది నొప్పి లేకుండా వచ్చాకే సాగే రబ్బరు బ్యాండు, ఆ తర్వాతే చిన్న డంబెల్. రాడ్డుకు వేలాడటం, తల పైకి బరువులెత్తడం ప్రస్తుతానికి వద్దు. ఈత మంచిదే, కానీ కప్పలా కాళ్లు తన్నే బ్రెస్ట్‌స్ట్రోక్ మోకాళ్లకు పడకపోవచ్చు.

భుజం మళ్లీ జారితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం, గాయం మానాక మచ్చ వెడల్పుగా పల్చగా సాగడం లాంటివి ఉంటే అవీ చెప్పండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం దెబ్బతిని ఉంటే అది తప్పకుండా చెప్పాలి.

బెజవాడ అమ్మాయి:
చాలా థాంక్సండీ. లేచినప్పుడు కళ్లు తిరగడం ఉంది, అది వేరే సంగతి అనుకున్నాను. డాక్టరు గారికి చెబుతాను. టీచర్ గారు పెద్దావిడ, నొక్కొద్దని ఎలా చెప్పాలో తెలియడం లేదు. వ్యాయామం చేసిన మర్నాడు నొప్పి వస్తే ఆపాలా?

ఓరుగల్లు అక్క:
క్లాసు మొదలవకముందే పక్కకు పిలిచి, "మేడమ్, నా భుజం జారుతోంది, దయచేసి చెయ్యి వేసి నొక్కకండి, మాటతో చెప్పండి చాలు" అను. పెద్దావిడైనా అర్థం చేసుకుంటారు. అప్పటికీ నొక్కితే ఆ క్లాసు మానెయ్.

నొప్పి సంగతంటావా, కండరం మధ్యలో సలుపు ఒకటి రెండు రోజుల్లో పోతుంది, దానికి భయపడకు. కీలు లోపల గుచ్చినట్టున్నా, వాచినా ఆ కదలిక ఆపి ఫిజియోకు చూపించు. జాడీ మూతకు రబ్బరు గ్లవ్ వేసి అరచేత్తో తిప్పు, బొటనవేలి మీద భారం పెట్టకు. అటక మీది పెట్టెలు కొన్నాళ్లు ఇంట్లో వేరేవాళ్లను దించమను.