క్రిస్మస్ డబ్బు దుప్పట్లకా, ఒక అమ్మాయి నర్సింగ్ ఫీజుకా?

వన్‌టౌన్ బ్రదర్:
అందరికీ వందనాలు. మా చర్చి సంఘం యూత్ ప్రతి డిసెంబర్‌లో చందాలు పోగేసి విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ చుట్టుపక్కల పడుకునేవాళ్లకి దుప్పట్లు, బియ్యం పంచుతుంది. ఈసారి రూ.1,20,000 దాకా వచ్చింది. ఈ డబ్బంతా పెట్టి మా సంఘంలోనే తండ్రి లేని ఒక అమ్మాయిని జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, మూడేళ్లూ చదివిద్దామని కమిటీలో అన్నాను. సగం మంది సరే అన్నారు, మిగతావాళ్లు నేనేదో పేదవాడి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు చూశారు. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 15లో దాసుణ్ణి విడిపించి పంపేటప్పుడు వట్టి చేతులతో పంపొద్దు, మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ఇచ్చి పంపమని ఉంది. అంటే ఒక పూట తిండి కాదు, మళ్లీ అప్పులపాలై దాసుడు కాకుండా బతకడానికి కావలసినంత. నాకు తెలిసిన దానం ఇదీ. మీ సంఘాల్లో ఏం చేస్తున్నారు?

సీతమ్మధార సిస్టర్:
సగం దానికి, సగం దీనికి పెట్టండి. గొడవ ఉండదు.

వన్‌టౌన్ బ్రదర్:
సగం డబ్బుతో మొదలుపెడితే చదువు మధ్యలో ఆగిపోతుంది సిస్టర్. అది ఇంకా అన్యాయం.

కంచరపాలెం అమ్మ:
బాబూ, మా ఆయనకి కిడ్నీలు పాడైనప్పుడు ఆసుపత్రి వరండాలో గచ్చు మీద పడుకున్నదాన్ని నేను. పేషెంటుకి మంచం ఇస్తారు, తోడు వచ్చినవాళ్లకి ఎవరిస్తారు? ఒక రాత్రి ఎవరో వచ్చి దుప్పటి కప్పి వెళ్లిపోయారు, ఏ సంఘమో ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి నాకు నర్సింగ్ సీటు ఇస్తే ఏం చేసుకునేదాన్ని? బైబిల్లో యొప్పే ఊళ్లో దొర్కా అనే ఆమె చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ పేతురుకి చూపించింది ఆమె కుట్టిన బట్టలే కదా. అవి చిరిగిపోలేదా? అయినా అపొస్తలుల కార్యాల్లో రాసిపెట్టారు. దిగంబరినై ఉంటే బట్టలిచ్చారు అన్నాడు ప్రభువు. ఎన్నేళ్లు మన్నే బట్టలు అని అడగలేదు.

గాజువాక స్టీల్:
అసలు విశాఖలో దుప్పటి కప్పుకునేంత చలి ఎక్కడుందండీ? డిసెంబర్‌లో కూడా మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంది.

కంచరపాలెం అమ్మ:
మీ ఇంట్లో కదా. పాడేరు, అరకు నుంచి, అటు ఒడిశా నుంచి కట్టుబట్టలతో వచ్చేస్తారు కేజీహెచ్‌కి. ఆరుబయట గచ్చు మీద తెల్లవారుజామున మూడింటికి పడుకుంటే తెలుస్తుంది. దోమలకైనా కప్పుకోవాలి.

మురళీనగర్:
చలి కాదు కదా టాపిక్.

గాజువాక స్టీల్:
అదే టాపిక్ బ్రదర్. అవసరం లేని వస్తువు ఇస్తే అది దానం ఎలా అవుతుంది? క్రిస్మస్ వారంలో ఒకే మనిషికి మూడు సంఘాలు మూడు దుప్పట్లు ఇస్తాయి, జూలై వానల్లో ఒక్కరూ రారు. రెండు దుప్పట్లు అమ్మేసుకుంటారు.

కంచరపాలెం అమ్మ:
అమ్ముకుంటే మందులు కొనుక్కుంటారు. ఇచ్చేశాక అది వాళ్లది.

వన్‌టౌన్ బ్రదర్:
అమ్మా, మీరు పడ్డ కష్టాన్ని నేను కాదనడం లేదు. కానీ మన ఊరి సంగతే చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డే గ్రాంజ్ విశాఖ వచ్చారు. 1810 కల్లా ఇద్దరూ చనిపోయారు. వాళ్లు ఇక్కడ మొదలుపెట్టిన తెలుగు సువార్తల అనువాదం మాత్రం వాళ్లతో పోలేదు. ఇచ్చినవాడు పోయినా పనిచేసేదే ఇవ్వాలి అంటున్నాను, అంతే.

ఒంగోలు నుంచి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 1876-78 కరువులో మా ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పనీ కూలీ చూపించాడు. ఆ పూట కడుపూ నిండింది, కాలువా మిగిలింది. ఇంకో విషయం, సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చి మునిగారన్న మాట రాకూడదని. ఆపైన 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఇచ్చే చెయ్యి బదులుగా ఏదీ అడగకూడదని ఆయన పట్టుదల.

అక్కయ్యపాలెం:
బదులు అడగకూడదంటే ముందు ఫోటోలు ఆపాలి. దుప్పటి మీద సంఘం పేరు, చేతిలో ఫ్లెక్సీ, ఆ ముసలాయన కెమెరా వైపు చూసేదాకా దుప్పటి వదలరు. మత్తయి 6 ప్రతి ఏడాదీ చదువుతాం, కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని.

వన్‌టౌన్ బ్రదర్:
ఫోటో లేకపోతే చందా ఇచ్చినవాళ్లకి లెక్క ఎలా చెప్పాలి? మా కమిటీ మీద ఒక్క రూపాయి మచ్చ లేదు. బయట కూర్చుని అనడం తేలిక. అందుకే కదా ఫీజు అంటున్నాను, రసీదు ఉంటుంది, మార్కుల లిస్టు ఉంటుంది, ఆ అమ్మాయి ఆదివారం ఆరాధనలో లేచి తనకి జరిగిన మేలు గురించి సాక్ష్యం చెబుతుంది, అందరికీ సంతోషం.

పెందుర్తి అబ్బాయి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఆ సాక్ష్యం అన్నమాట చూశాక ఊరుకోలేను. నా డిప్లొమాకి ఒక సంఘం ఫీజు కట్టింది. నెలకోసారి లేచి నిలబడి ఎవరెంత ఇచ్చారో పేరుపేరునా చెప్పాలి. మా చెల్లి పెళ్లిలో కొత్త చొక్కా వేసుకుంటే మన డబ్బేనా అన్నారు. క్రికెట్ ఆడితే చదువు ఎలా ఉంది అని అడిగేవాళ్లు. రెండో ఏడాదిలో పెద్దలకీ పాస్టర్ గారికీ పడక కమిటీ మారిపోయింది, కొత్తవాళ్లు మాకు సంబంధం లేదన్నారు. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి పూర్తిచేశాను. ఇదేనా మీ నిలబడే దానం? అమ్మగారికి దుప్పటి కప్పినవాళ్లు కనీసం ఆవిడ వెంటపడలేదు.

వన్‌టౌన్ బ్రదర్:
ఎవరో చేసినదానికి నన్ను అంటారేంటి? ఇచ్చినవాళ్లు అడగకూడదా? ఆ డబ్బు కూలీనాలీ చేసుకునేవాళ్లది కూడా.

పెందుర్తి అబ్బాయి:
కాలేజీని అడగండి, రసీదు అడగండి. నన్ను నిలబెట్టొద్దు. ఇంతకీ ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా, నర్సింగ్ చదువుతావా అని?

వన్‌టౌన్ బ్రదర్:
వాళ్లమ్మతో మాట్లాడాలనుకుంటున్నాం. నర్సింగ్ అయితే త్వరగా ఉద్యోగం వస్తుందని కమిటీ అభిప్రాయం.

మధురవాడ:
గొడవ దుప్పటి గురించీ కాదు, ఫీజు గురించీ కాదు. ఏం కావాలో తీసుకునేవాళ్లు తప్ప అందరూ మాట్లాడుతున్నారు, అదీ గొడవ. అపొస్తలుల కార్యములు 6 తీయండి. గ్రీకు మాట్లాడే విధవరాళ్లకి రోజూ పెట్టేది అందట్లేదని సణుగుడు వచ్చింది. అపొస్తలులు, అంటే యేసు పంపిన శిష్యులు, వాళ్లని సణగొద్దు అనలేదు, ఫోటో తీసి లెక్క చూపించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమని సంఘానికి చెప్పారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే అందనివాళ్ల వైపు మనుషుల చేతికే పంపకం అప్పగించినట్టు. మన కమిటీల్లో ఎప్పుడైనా ఫీజు తీసుకున్న పిల్ల తల్లి కూర్చుందా? వరండాలో పడుకున్న మనిషి కూర్చుందా?

కంచరపాలెం అమ్మ:
నన్నయితే ఎవరూ పిలవలేదు నాయనా. పిలిస్తే చెప్పేదాన్ని, దుప్పటితో పాటు ఒక బకెట్టు, చెంబు కావాలని. ఆసుపత్రిలో తోడు ఉన్నవాళ్లకి అన్నిటికన్నా కష్టం అదే.

గాజువాక స్టీల్:
బకెట్టు అంటే ఒప్పుకుంటాను. చలి మాత్రం లేదు.

వన్‌టౌన్ బ్రదర్:
ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగ్ ఉంది. ఆ అమ్మాయినీ వాళ్లమ్మనీ కూర్చోబెడతాం, ఏం చదవాలో తనే చెబుతుంది. మూడేళ్ల డబ్బూ ముందే బ్యాంకులో వేయిస్తాను, కమిటీ మారినా ఎవరూ ముట్టుకోకుండా. సాక్ష్యం సంగతి పెద్దలతో మాట్లాడాలి, నేనొక్కణ్ణే తేల్చేది కాదు. డబ్బు మొత్తం చదువుకే వెళ్లాలన్న మాట మాత్రం మార్చుకోను.

కంచరపాలెం అమ్మ:
నీ డబ్బు చదువుకే పెట్టు, మంచిదే. మా స్త్రీల సమాజంలో వండేటప్పుడల్లా తీసిపెట్టే పిడికెడు బియ్యం డబ్బాలు నిండాయి, అవి అమ్మి బకెట్లు కొంటాం. ఇరవయ్యో తారీఖు రాత్రి కేజీహెచ్ దగ్గరుంటాం, మోయడానికి మీ యూత్‌లో ఇద్దరిని పంపు. ఫోన్లు ఇంట్లో పెట్టి రమ్మను.