హెల్త్ యాప్ తెరవగానే లాగిన్ అడగాలా? ఓటీపీ ఒక్కటే సరిపోతుందా?

ఫ్లట్టర్_బాబు:
ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ కోసం ఫ్లట్టర్‌లో యాప్ చేస్తున్నాం, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ. టెస్టుల ధరలు, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే బుకింగ్, రిపోర్టులు ఉంటాయి. ఇన్నాళ్లూ రిపోర్టు వాట్సాప్‌లో పంపేవారు. ఇప్పుడు లాగిన్ పెట్టాలి. యాప్ తెరవగానే మొబైల్ నంబరు, ఓటీపీ, అంతే అంటున్నారు ఓనరు గారు. గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ సర్వీసులో అది రెడీగా ఉంది కాబట్టి నాకూ తేలికే. మా జూనియర్ మాత్రం ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు?

ల్యాబ్_రమణ:
నా ఓటు ఓటీపీకే. కౌంటర్‌లో కూర్చునేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. పాస్‌వర్డ్ పెడితే "మర్చిపోయాం బాబూ" అని రోజంతా ఫోన్లే. ఈమెయిల్ అంటారా, చాలామందికి అది ఫోన్ కొన్న రోజు షాపువాడు తెరిచిచ్చింది. అదేంటో కూడా గుర్తుండదు.

కీచైన్_కిట్టు:
మీ జూనియర్ చెప్పిందే కరెక్టు. థైరాయిడ్ టెస్టు ధర చూడ్డానికి నా నంబరెందుకు? ఖాతాతో పనిలేని చోట లాగిన్ లేకుండా వాడుకోనివ్వాలని ఆపిల్ యాప్ స్టోర్ నియమాల్లోనే ఉంది. ఖాతా తెరవనిస్తే దాన్ని యాప్‌లోనే డిలీట్ చేసుకోనివ్వాలి, ఇది 2022 జూన్ 30 నుంచి తప్పనిసరి. ఓనరు గారికి ఈ సంగతి ముందే చెప్పండి.

అసలు భయం నంబరుతోనే. కట్ అయిన నంబరును 90 రోజులు ఆగాక టెలికాం కంపెనీ వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. రీచార్జి చెయ్యక వదిలేసిన నంబరు రేపు ఇంకొకరి చేతికొస్తుంది. ఆయన మీ యాప్ తెరిచి ఓటీపీ కొడితే పాతాయన హెచ్‌ఐవీ రిపోర్టు కనబడుతుంది. మీ సర్వర్ దృష్టిలో అంతా సక్రమమే!

ఫ్లట్టర్_బాబు:
డబ్బు వ్యవహారాలే ఓటీపీ మీద నడుస్తున్నాయి కదా అన్నా?

కీచైన్_కిట్టు:
ఓటీపీ ఒక్కదాని మీదే నడవట్లేదు తమ్ముడూ. యూపీఐ యాప్ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందా అని మెసేజ్ పంపించి చూసుకుంటుంది, పంపేటప్పుడు పిన్ అడుగుతుంది. ఎస్సెమ్మెస్ ఓటీపీని జాగ్రత్తలతో, పరిమితంగానే వాడమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది.

నర్సక్క_నల్గొండ:
మీరు నంబరు పోవడం గురించి మాట్లాడుతున్నారు. నంబరు ఉన్నచోటే గొడవుంది. ఊళ్లలో ఇంటిల్లిపాదికీ పెద్దకొడుకు నంబరే ఇస్తారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో కోడలి ప్రెగ్నెన్సీ రిపోర్టు ఆమెకన్నా ముందు మరిది చూశాడు. వాట్సాప్‌లో జరిగిందే మీ యాప్‌లోనూ జరుగుతుంది, మధ్యలో ఓటీపీ వస్తుందంతే.

ల్యాబ్_రమణ:
అక్కా, ఆ నంబరు ఇచ్చేది వాళ్లే కదా. మేమేం చేస్తాం?

నర్సక్క_నల్గొండ:
ఫారంలో నంబరుకు ఒక్క గడే పెడితే ఉన్న ఒక్క నంబరే ఇస్తారు. "ఈ రిపోర్టు ఎవరు చూడొచ్చు?" అని మీ కౌంటర్‌లో ఎవరైనా అడిగారా?

కోడ్_కామాక్షి:
అక్క అడిగిందే డిజైన్‌లోకి రావాలి. డేటాబేస్‌లో ఖాతా వేరు, పేషెంటు వేరుగా పెట్టండి. ఒక నంబరు కింద ఎంతమంది పేషెంట్లైనా ఉండనివ్వండి, ప్రతి ప్రొఫైల్‌కూ సొంత పిన్ పెట్టండి. ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు ఆభా చూడండి, ఆ 14 అంకెల నంబరు మనిషికి ఇచ్చేది, ఇంట్లో పలువురి ఆభాలకు ఒకే మొబైల్ ఉండొచ్చు. అలాగని ఆభా ఉంటేనే లోపలికి రానిస్తామనకండి, అది స్వచ్ఛందం.

రెండు ప్లాట్‌ఫామ్‌ల తేడా ఒకటి చాలామందిని ముంచుతుంది. లాగిన్ టోకెన్‌ని, అంటే ఈ ఫోన్‌లో ఇప్పటికే లాగిన్ అయ్యారని చెప్పే గుర్తుని, ఐఫోన్‌లో కీచైన్ అనే రహస్య అరలో దాస్తారు. యాప్ తీసేసినా అది అక్కడే ఉంటుంది! అదే ఫోన్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పాత మనిషి ఖాతానే తెరుచుకోవచ్చు. కొత్తగా ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి తెరిచినప్పుడు పాత టోకెన్ తుడిచెయ్యండి. ఆండ్రాయిడ్‌లో మాత్రమే టెస్ట్ చేస్తే ఇది బయటపడదు.

ల్యాబ్_రమణ:
పిన్ కూడా మర్చిపోతారు మేడమ్. మళ్లీ నా దగ్గరికే వస్తారు.

కోడ్_కామాక్షి:
రానివ్వండి రమణగారూ. మనిషి ఎదురుగా వచ్చి బిల్లు, గుర్తింపు కార్డు చూపించాక పిన్ మార్చడంకన్నా గట్టి రీసెట్ ఏముంది? రాలేనివాళ్లకు శాంపిల్ తీసుకునే అబ్బాయే కాగితం రిపోర్టు ఇంటికి తెచ్చిస్తాడు.

ఫ్లట్టర్_బాబు:
సరే, ధరలు అందరికీ, బుకింగ్‌కు ఓటీపీ, రిపోర్టుకు ఓటీపీ పైన పిన్ కూడా. ఇదే చెప్పి చూశా. ఓనరు గారి అసలు మాట ఇప్పుడు బయటికొచ్చింది: "మొదటి స్క్రీన్‌లో నంబరు రాకపోతే ఆఫర్ల మెసేజ్‌లు ఎవరికి పంపాలి?"

కీచైన్_కిట్టు:
అనుకున్నా! అది లాగిన్ కాదు, నంబర్ల సేకరణ. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం నంబరు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి అనుమతి అడగాలి. ఆఫర్లకు విడిగా ఒక టిక్ బాక్స్ పెట్టండి, కావలసినవాళ్లు నొక్కుతారు.

ల్యాబ్_రమణ:
ఇంతకీ పిన్ నాలుగంకెలా, ఆరా? ఆరైతే నేను ఇప్పటికీ ఒప్పుకోను.