ప్లాంటుకి హెచ్‌ఆర్ హెడ్‌గా ఆడమనిషి నెగ్గుకురాగలదా?

బొబ్బిలి వీణ:

అందరికీ నమస్కారం. బొబ్బిలి గ్రోత్ సెంటర్ (పారిశ్రామికవాడ)లో ఒక యూనిట్‌లో పనిచేస్తున్నాను. పేరు వద్దులెండి. మొత్తం 400 మంది ఉంటాం, మూడో వంతు ఆడవాళ్లు. సగానికి పైగా కాంట్రాక్టర్ల కింద ఉన్నవాళ్లే. హెచ్‌ఆర్ హెడ్ పోస్టుకి చివరికి ఇద్దరు మిగిలారు, ఒకావిడ, ఒకాయన. అనుభవం ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. ఇంటర్వ్యూలో ఆవిడే బాగా చెప్పారని ప్యానెల్లో ముగ్గురమూ ఒప్పుకున్నాం. అయినా మిగతా ఇద్దరూ "సిటీలో ఆఫీసుకైతే సరే, ఇది ప్లాంటు. రేపు గేటు ముందు వందమంది బైఠాయిస్తే ఆవిడేం చేస్తుంది?" అంటున్నారు. "మన ఆడ వర్కర్లు ఆవిడతో చెప్పుకుంటారు కాబట్టి నంబర్ టూగా పెడదాం" అని ఇంకో మాట.

నాకిది అన్యాయం అనిపిస్తోంది. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని మీటింగ్‌కి వెళ్తే నిలబడదు. ఈ పనిలో ఉన్నవాళ్లు, దగ్గరుండి చూసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. గురువారం మళ్లీ కూర్చుంటున్నాం.

పాత మిల్లు మనిషి:

బాబూ, నేను జూట్ మిల్లులో టైమ్ ఆఫీసులో చేరి పర్సనెల్ ఆఫీసర్‌గా (ఇప్పటి హెచ్‌ఆర్ లాంటిదే) రిటైరయ్యాను. మొత్తం 31 ఏళ్లు. నా మాట కొందరికి రుచించకపోవచ్చు. ఆడవాళ్లకి తెలివి చాలదని నేను అనను, మా ఇంట్లో కోడళ్లిద్దరూ ఉద్యోగస్తులే. కానీ ఫ్యాక్టరీలో ఇది కుర్చీలో కూర్చుని చేసే పని కాదు. మాకు బోనస్ గొడవ ఎప్పుడూ పైడితల్లమ్మ పండగ ముందే వచ్చేది. ఆ పండగలో సిరిమాను ఉత్సవానికి చేతిలో డబ్బు లేకపోతే ఏ కార్మికుడు ఊరుకుంటాడు? రాత్రి పదకొండింటికి మగ్గాలు ఆపేశారని కబురొచ్చేది. సైకిలేసుకుని వెళ్లేవాణ్ణి. యూనియన్ వాళ్లతో తెల్లారేదాకా టీలు తాగుతూ కూర్చుంటే తప్ప మాట కుదిరేది కాదు. ఒకసారి కాలర్ కూడా పట్టుకున్నారు. ఆ పట్టుకున్నవాడే నాలుగు రోజులు పోయాక కూతురి పెళ్లికి అడ్వాన్స్ రాయమని వచ్చాడు. ఆ చనువు మగవాళ్ల మధ్య కుదిరినట్టు ఆడమనిషితో కుదరదు. ఆ అమ్మాయిని హెడ్ చేసి ఇబ్బందిలో పడేయడం ఎందుకన్నదే నా బాధ.

సి షిఫ్ట్ బస్సు:

బాబాయి గారూ, మీరు చూసింది అబద్ధమని నేను అనను. ఆ చనువు ఎవరికి, ఎలా వస్తుందో నేను చూసింది కూడా చెబుతాను.

2013లో పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. అదే రోజు అదే హోదాలో ఒకబ్బాయి కూడా చేరాడు. వారం తిరక్కుండా పనులు పంచేశారు. నాకు జాయినింగ్ ఫారాలు, ఐడీ కార్డులు, ట్రైనింగ్ హాజరు, పుట్టినరోజు కేకులు, మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ. అతనికి కాంట్రాక్టర్ బిల్లులు, యూనియన్, లేబర్ ఆఫీసు, షోకాజ్ నోటీసులు. చెడు ఉద్దేశంతో కాదు. "ఎండలో తిరిగే బాధ నీకెందుకమ్మా" అని ప్రేమగానే అన్నారు. ఐదేళ్లకి అతనికి షాప్‌ఫ్లోర్‌లో ప్రతి మేస్త్రీ పేరుతో సహా తెలుసు. నాకు ఫారాలు తెలుసు. అప్పుడు ప్రమోషన్ దగ్గర ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఎవరు సమర్థులని చూశారు.

హెచ్‌ఆర్ అని ఒకే పేరు పెట్టి మనం రెండు ఉద్యోగాలు నడుపుతున్నాం. ఒకదాంట్లో అధికారం ఉంది, రెండోదాంట్లో పలకరింపు ఉంది. ఆడవాళ్లని రెండోదాంట్లో కూర్చోబెట్టి, మొదటిదాంట్లో అనుభవం లేదేం అని అడుగుతున్నాం. మీ ప్యానెల్ ఇప్పుడు చెబుతున్న "నంబర్ టూ" కూడా అదే.

ఇక గేటు సంగతి. ఒక ఏడాది సిరిమాను రోజు. నాతో చేరిన ఆ అబ్బాయిది విజయనగరం, పండగకి సెలవు పెట్టాడు. పొద్దున ఆరింటికి సి షిఫ్ట్ (రాత్రి షిఫ్ట్) దిగినవాళ్లు బస్సులెక్కలేదు. సుమారు 80 మంది గేటు ముందు కూర్చున్నారు. ఫోన్లలో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకుంటే నాలుగు నెలలుగా జమ లేదు, జీతంలో కోత మాత్రం ఉంది. నేను వెళ్లాను, ఇంకెవరూ లేరు కాబట్టి. ఒకాయన "నువ్వెవరు, సార్‌ని పిలు" అని అరిచాడు. నా కాళ్లు వణికాయి, దాచను. కానీ నా దగ్గర ఒక ఫైలుంది. రెండు నెలల ముందే జీతాల పట్టీకీ పీఎఫ్ కట్టిన చలానాకీ తలల లెక్క తేడా వస్తోందని కనిపెట్టి మెయిల్ పెట్టాను. "అది ఐఆర్ (యూనియన్, కార్మిక సంబంధాల విభాగం) చూసుకుంటుంది" అని జవాబొచ్చింది. ఆ ఫైలు తీసి ఎవరెవరికి ఏయే నెల పడలేదో పేరు పేరునా చదివాను. పదో పేరుకి అందరూ నిశ్శబ్దమయ్యారు. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమానే కట్టాలని పీఎఫ్ నిబంధనల్లో ఉంది. అది చూపించి, డబ్బు జమ అయ్యేదాకా కాంట్రాక్టర్ బిల్లు ఆపుతామని ఫ్యాక్టరీ మేనేజర్ చేత రాయించాను. తొమ్మిదిన్నరకి బస్సులు కదిలాయి. లెక్క నా దగ్గరుంది, బిల్లు ఆపించే అధికారం ఆ ఒక్కపూట నాకు దొరికింది. ఈ రెండూ ఉన్న మగవాడు వెళ్లినా అలాగే జరిగేది.

ఆడ వర్కర్లు ఆడమనిషితో చెప్పుకుంటారన్న మాట కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. కవిటి వైపు నుంచి వచ్చిన ఒక హెల్పర్ కిడ్నీ జబ్బుని ఏడు నెలలు దాచాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషి. హెచ్‌ఆర్‌కి తెలిస్తే పని పోతుందని భయం. చివరికి చెప్పింది గేటు దగ్గర సెక్యూరిటీ తాతతో, నాతో కాదు. ప్యాకింగ్‌లో ఆడపిల్లలు కూడా సూపర్‌వైజర్ మాటతీరు గురించి నాతో చెప్పడానికి ఏడాది పట్టింది. మొదటి ఫిర్యాదు మీద ఏదో జరిగిందని కళ్లతో చూశాకే రెండోది వచ్చింది. చీర కట్టుకున్నంత మాత్రాన నమ్మకం రాదండీ.

పలాస జీడి:

అప్పా, ఆఖరి మాట నూటికి నూరుపాళ్లు. మా అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీకి ఇరవై ఏళ్లు పప్పు పొట్టు తీసే పనికి వెళ్లింది. పనిచేసేవాళ్లూ ఆడవాళ్లే, వాళ్ల మీద సూపర్‌వైజరూ ఆడమనిషే. కిలోల లెక్కన కూలి. తూకం దగ్గర ఆవిడ తరుగు తీయడం చూస్తే కడుపు మండేది. "ఆడదై ఉండి ఇంత కర్కశం ఏటే" అని అమ్మ ఇంటికొచ్చి ఏడ్చేది. పెద్దయ్యాక ఒక పెళ్లిలో ఆవిడ కనిపిస్తే అడిగేశాను. తరుగు ఎంత తీయాలో ఓనరు ముందే చెప్పేవాడట. అంతకి తగ్గితే ఆవిడ జీతంలో కోసేవాడట. త్రాసు మీద ఆవిడకి ఏ అధికారమూ లేదు, తిట్లు మాత్రం అన్నీ ఆవిడకే. అందుకే ఆడవాళ్లు పైనుంటే దయ ఉంటుందని ఎవరైనా అంటే నాకు నచ్చదు, ఆడదానికి ఆడదే శత్రువు అన్నా నచ్చదు.

కంటోన్మెంట్ మాస్టారు:

విజయనగరంలో ఎంబీఏ పిల్లలకి నేను చెప్పే సబ్జెక్టే ఇది. మీ ప్యానెల్‌కి పనికొచ్చే నాలుగు ముక్కలు.

ఆలిస్ ఈగ్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1995లో అంతకుముందు జరిగిన ఎన్నో పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. నాయకత్వ సామర్థ్యంలో మొత్తం మీద ఆడామగా తేడా తేలలేదు. అయితే సైన్యం లాంటి, అందరూ మగవాళ్లదనుకునే చోట్ల మగవాళ్లకి ఎక్కువ మార్కులు పడ్డాయి. విద్య, సేవారంగం లాంటి చోట్ల ఆడవాళ్లకి కాస్త మొగ్గు. 2014లో వచ్చిన మరో పరిశీలన 95 అధ్యయనాలను కలిపి చూసింది. మేనేజర్లు తమకు తామే మార్కులేసుకుంటే మగవాళ్లు ఎక్కువ వేసుకున్నారు. పక్కవాళ్లు వేస్తే ఆడవాళ్లకి ఎక్కువ వచ్చాయి. ఇంటర్వ్యూలో గట్టిగా మాట్లాడేవాణ్ణి సమర్థుడనుకునే మన అలవాటు గురించి ఇక్కడ ఆలోచించాలి.

మీకు మరీ దగ్గరైనది మ్యాడలిన్ హైల్‌మన్, జూలీ చెన్ 2005లో చేసిన ప్రయోగం. తోటి ఉద్యోగికి సాయం చేస్తే మగవాడికి మంచి పేరు పెరిగింది. అదే సాయం ఆడమనిషి చేస్తే పెద్దగా పెరగలేదు. చేయకపోతే మాత్రం ఆమె పేరు పడిపోయింది. హెచ్‌ఆర్‌లో సగం పని ఇలాంటి సాయమే కదా. సి షిఫ్ట్ గారు ఐదేళ్లు చేసిన పని ప్రమోషన్ దగ్గర ఎందుకు కనిపించలేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇవన్నీ ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లో జరిగినవి, మేనేజర్లందరి మీదా చేసినవి. బొబ్బిలి గేటుకి యథాతథంగా అతికించలేం. కానీ "ఇది మగవాళ్ల పోస్టు" అన్న నమ్మకమే ఫలితాన్ని మార్చేస్తుందన్న సంగతిని నేను చాలా గట్టిగా తీసుకుంటాను.

ఇంకొకటి, మిల్లు మనిషి గారికి తెలిసే ఉంటుంది. 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్ ఫ్యాక్టరీల్లో లేబర్ ఆఫీసర్లను పెట్టమన్నది పనిలో పెట్టుకునేటప్పుడు జరిగే లంచాలను, మేస్త్రీల పెత్తనాన్ని అరికట్టడానికి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలన్నారు. ఆ దారిలో పెరిగిన ఉద్యోగమిది. గేటు దగ్గర గొంతు పెద్దది చేయడం కోసం పుట్టలేదు.

పాత మిల్లు మనిషి:

అందరి మాటా చదివాను. అమ్మా, నీ పీఎఫ్ ఫైలు సంగతి నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. టీలు తాగి సర్దేశామని గొప్పగా రాశాను. ఎన్నోసార్లు సర్దుబాటైతే అయింది గానీ ఆ మనిషికి రావలసిన డబ్బు రాలేదు. రిటైరయ్యాక గ్రాట్యుటీ కోసం తిరిగినవాళ్లు ఇప్పటికీ మార్కెట్‌లో కనిపిస్తారు. లెక్క చూసే ఓపిక ఆ రోజు నాకుంటే బాగుండేది. కాబట్టి ఆడమనిషి కుదరదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రి సంగతి మాత్రం తీసుకోను. అర్ధరాత్రి ఫోనొస్తే హైవే మీద లారీల మధ్య ఆ అమ్మాయి ఒక్కతే రావాలా? ఆడవాళ్ల రాత్రి పని మీద చట్టం మారింది, దారి మారలేదు తల్లీ.

సి షిఫ్ట్ బస్సు:

బాబాయి గారూ, ఆ మాట అనడానికి ఎంత మనసుండాలో నాకు తెలుసు. దండాలు.

దారి మారలేదన్నది నిజం. అందుకే బండి కావాలి అంటాను, పోస్టు వద్దనను. హెడ్‌కి రాత్రి పిలుపొస్తే కంపెనీ కారు, డ్రైవరు రావాలి. మగ హెడ్ అయినా అంతే, నిద్రమత్తులో బైక్ మీద వచ్చి లారీ కింద పడితే ఆయనకీ పిల్లలున్నారు.

అసలు రాత్రి గురించే ఆలోచించాల్సింది ఇంకా ఉంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్లకి రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా పని నిషేధం. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు వాళ్ల సమ్మతి ఉంటే, భద్రత ఏర్పాట్లతో రాత్రి షిఫ్ట్ వేయొచ్చు. ఆ సమ్మతి ఎవరు తీసుకుంటారు? హెచ్‌ఆరే. జాయినింగ్ రోజు ఇరవై కాగితాల మధ్య అదొక సంతకంగా పెట్టించేస్తే అది సమ్మతి అవుతుందా? రామభద్రపురం, తెర్లాం వైపు పల్లెల నుంచి వచ్చే అమ్మాయిని బస్సు మెయిన్ రోడ్డు మీద దించేస్తుందా, ఊళ్లోకి వెళ్తుందా? మీ 130 మంది ఆడవాళ్ల విషయంలో ఇది రేపో మాపో తేల్చాల్సిందే. బస్సు రూటు మార్చమని ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్‌కి చెప్పే అధికారం ఎవరికుందన్నదే లెక్క.

వీణ గారూ, మీ మీటింగ్‌లో ఈ ప్రశ్న కూడా అడగండి. 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి అయ్యుండాలి, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు ఉండాలి. మీ యూనిట్‌లో ఆ కుర్చీలో ఎవరున్నారు? ఆవిణ్ణి నంబర్ టూ చేస్తే ఆ కుర్చీ ఎలాగూ ఆవిడకే ఇస్తారు. రేపు ఫిర్యాదు ఆవిడ పైవాడి మీదో, ఆయన స్నేహితుడైన ప్రొడక్షన్ మేనేజర్ మీదో వస్తే, అప్రైజల్ ఆయన చేతిలో ఉండగా ఆవిడ విచారణ ఎలా నడుపుతుంది? నేను నడిపాను. ఆ మూడు నెలల టెన్షన్ ఇంకెవరికీ రాకూడదు.

బొబ్బిలి వీణ:

గురువారం మీటింగ్ అయింది. చెప్పిన వాళ్లందరికీ జరిగింది చెప్పాలి కదా.

ఇద్దరినీ మళ్లీ పిలిచి ఒకే కేసు ఇచ్చాం. కాంట్రాక్టర్ పీఎఫ్ కట్టలేదు, సి షిఫ్ట్ గేటు దగ్గర కూర్చుంది, మీరేం చేస్తారు? ఆయన ముందు యూనియన్ నాయకుడికి ఫోన్ చేస్తానన్నారు. తప్పేం కాదు. ఆవిడ గత ఆరు నెలల చలానాలు తెప్పించమన్నారు, ఆ కాంట్రాక్టర్ బిల్లు ఎప్పుడు పాసవుతుందని అడిగారు. ప్యానెల్లో ఒకాయన అక్కడే మెత్తబడ్డారు. రెండో ఆయన ఇంకా ఒప్పుకోలేదు. కమిటీ అధ్యక్షురాలి ప్రశ్న వేస్తే మాత్రం ఆయన దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే ప్రస్తుతం కమిటీ కాగితం మీద పేరున్నది రెండేళ్ల క్రితం మానేసి వెళ్లిపోయిన ఉద్యోగిది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

హెడ్ పోస్టు ఆవిడకే ఇవ్వాలని ఇద్దరం రాశాం. కాంట్రాక్టర్ బిల్లుల మీద హెచ్‌ఆర్ సంతకం లేకుండా అకౌంట్స్ డబ్బు ఇవ్వకూడదని ఆఫర్ లెటర్‌లోనే పెట్టించాం. ఆవిడ ఒక్కటే అడిగారు, రాత్రి బండి తనకి ఇచ్చే పద్ధతిలోనే ఆడ వర్కర్లకీ గుమ్మం దాకా ఇవ్వాలని. ఎండీ దగ్గర ఫైలుంది. సోమవారం తెలుస్తుంది.

పాత మిల్లు మనిషి:

మంచి పని చేశావు బాబూ. ఆ అమ్మాయి చేరితే నా మాటగా ఒకటి చెప్పు. బోనస్ లెక్క దసరాకి నెల ముందే తేల్చేసి నోటీసు బోర్డులో పెట్టమను, కాంట్రాక్టర్ల మనుషులది కూడా.