నిలబడి నిలబడి కాళ్లు పోతున్నాయి, డిపార్ట్‌మెంట్ వాళ్లు కాస్త చెప్పండి

ట్రాఫిక్_పీసీ:
అన్నలూ, సిటీ ట్రాఫిక్ పోలీసులో కానిస్టేబుల్‌గా చేస్తున్నా. సాయంత్రానికి పిక్కలు రాయిలా అయిపోతున్నాయి, మోకాలి వెనక నరాలు ఉబ్బి నీలంగా కనపడుతున్నాయి, రాత్రిపూట కాలు పట్టేసి లేచి కూర్చుంటున్నా. వెరికోస్ వెయిన్స్ అంట, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు డాక్టరు. జంక్షన్‌లో నిలబడకుండా ఎట్లా? ఎవరికైనా ఉందా ఇది, ఏం చేశారు?

పాత_హెచ్‌సీ:
నాకూ ఉంది తమ్ముడూ. డాక్టరు రాసిచ్చే బిగుతు సాక్సులు పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, వాపొచ్చాక వేస్తే పెద్దగా పనిచేయదు. ఎండాకాలం బూట్ల లోపల మంటే, అయినా మానొద్దు. నిలబడ్డచోటే మడమలు ఎత్తి దించుతా ఉండు, పిక్క కదిల్తేనే రక్తం పైకెక్కుద్ది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే మాత్రం డ్యూటీ దిగాక చూద్దాంలే అనుకోకు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అప్పటికప్పుడే ఆస్పత్రికి పో.

డబ్ల్యూపీసీ_గోదావరి:
కాళ్లు, నడుం గురించే అందరూ మాట్లాడతారు. మా ఆడ కానిస్టేబుళ్లకు బందోబస్తు వేస్తే దగ్గర్లో టాయిలెట్ ఉండదు, అందుకని పొద్దున్నుంచి నీళ్లే తాగం, ఎండలో అట్లాగే ఉంటాం, తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్, జ్వరం. నెలసరి రోజుల్లో అయితే చెప్పలేను. జాతరల్లో జనానికి టాయిలెట్లు పెడతారు, మేం పాయింట్ వదిలి అక్కడిదాకా పోవాలంటే రిలీవర్, అంటే మా బదులు నిలబడే మనిషి, రావాలిగా. ఆ రిలీవర్‌ని ఎవరూ వెయ్యరు.

రాత్రి_పెట్రోలింగ్:
నాకు నడుం. బైక్ మీద రాత్రంతా తిరిగి పొద్దున్నే కోర్టు డ్యూటీ, నిద్ర ఉండదు. నిద్ర లేకపోతే నొప్పి రెట్టింపు, కోపం కూడా. ఇంట్లో పిల్లల మీద అరుస్తున్నా, అది తట్టుకోలేకపోతున్నా.

బెటాలియన్_ఇల్లాలు:
అన్నా, ఆ అరుపు వినేవాళ్లం మేం. 2024 అక్టోబర్‌లో తెలంగాణ స్పెషల్ పోలీస్ బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కింది ఇందుకే, మనిషి ఇంటికి ఎప్పుడొస్తాడో తెలియదు. పోలీసులు యూనియన్ పెట్టుకోవటానికి లేదు, గట్టిగా అడిగితే చర్యలు, ఇక అడిగేది ఇంట్లోవాళ్లమే.

ఎస్సై_రిటైర్డ్:
ఒత్తిడి తగ్గాలంటే యోగా చేయమంటారు, మంచిదే, కానీ నిద్రపోయే టైమివ్వకుండా యోగా ఏంటి? 8 గంటల షిఫ్టుల మీద 2014లో హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వాళ్లు దేశమంతా తిరిగి రిపోర్టిచ్చారు, స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకి 8 గంటలు దాటి పనిచేస్తున్నారని అందులోనే ఉంది. ఆంధ్రాలో 2019లో పోలీసులకి వీక్లీ ఆఫ్ ప్రకటిస్తే ఎంత సంబరపడ్డామో. బందోబస్తు వచ్చిందంటే ముందు ఎగిరిపోయేది ఆ ఆఫే. ఖాళీలు నింపకుండా ఉన్నవాళ్లనే తిప్పినంతకాలం ఈ నడుములు, కాళ్లు ఇట్లాగే పోతాయి. మీ నొప్పి మీ బలహీనత కాదు, సిక్ లీవ్ పెట్టాల్సివస్తే సిగ్గుపడకండి.

ట్రాఫిక్_పీసీ:
సార్, చాలా థ్యాంక్స్. మా జంక్షన్‌లో ఇద్దరం ఉంటాం, అరగంట ఒకరు అరగంట ఒకరు కూర్చునేలా పెట్టుకోవచ్చా అని అడుగుదామనుకుంటున్నా. ఎక్కడైనా ఒప్పుకున్నారా?

పాత_హెచ్‌సీ:
మా దగ్గర సీఐ గారు ఒప్పుకున్నారు, గొడుగు కింద స్టూలు కూడా వేయించారు. ఒక్కడివే పోకు, ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి, డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని పో.