ఆన్‌లైన్ శాంతిభద్రతల కోసం విద్యార్థుల చేత పనికొచ్చే సాధనాలు చేయించడం ఎలా?

హొరమావు అధ్యాపకుడు:
నమస్కారం. నేను బెంగళూరులోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. మా దగ్గర అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చిన తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు. పుకార్లను, ఆన్‌లైన్ వేధింపులను ఎదుర్కొనే సాధనమేదైనా చివరి సంవత్సరం ప్రాజెక్టుగా చేయమంటే, ఎక్కడినుంచో దించుకున్న ఇంగ్లిష్ వార్తల డేటాసెట్ మీద ఒక మోడల్‌ను నడిపి, ఖచ్చితత్వం ఇంత శాతమని చూపించి, వైవా ముగియగానే దాన్ని మరిచిపోతున్నారు. 2012 ఆగస్టులో ఎస్ఎమ్ఎస్ పుకార్లకు భయపడి ఈశాన్య రాష్ట్రాలవారు ఇదే నగరం నుంచి వేల సంఖ్యలో గువాహటి రైళ్లెక్కారని చెబితే శ్రద్ధగా వింటారు గానీ, ఆ శ్రద్ధ పనిలో కనిపించడం లేదు. బహుమతులు పెట్టాలా, మార్కులు పెంచాలా?

ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగి:
మాస్టారూ, బహుమతి పెడితే అది చేతికొచ్చేదాకానే పని సాగుతుంది. ‘నకిలీ వార్తలు’ అనే సముద్రాన్ని వాళ్ల ముందు పెట్టకుండా, ఒక్క వీడియోను పెట్టండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారుతో పాటు ఒక వీడియో చేతులు మారింది. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసినది. చివర్లో బైకుపై వచ్చినవారు బిడ్డను వెనక్కి తెచ్చి, హెచ్చరిక రాసిన అట్టను చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. ఆ పుకారు రగిలిన రోజుల్లోనే, మే నెలలో, పని వెతుక్కుంటూ రాజస్థాన్ నుంచి వచ్చిన యువకుణ్ణి మన చామరాజపేటలో కొట్టి చంపారు.

అందిన వీడియో పాతదా, కత్తిరించినదా అన్నది తేల్చగలిగితే చాలు, అదే ప్రాజెక్టు. వీడియోలోంచి కొన్ని ఫ్రేములు (విడి చిత్రాలు) తీసి, ఒక్కొక్కదానికి పెర్సెప్చువల్ హ్యాష్, అంటే బొమ్మ కంటికి కనిపించే తీరును బట్టి వచ్చే ఒక గుర్తింపు సంఖ్య, లెక్కగట్టి, ఇదివరకే నిజనిర్ధారణ జరిగిన వీడియోల హ్యాష్‌లతో పోల్చాలి. ఫార్వర్డ్ అయ్యేకొద్దీ నాణ్యత తగ్గినా ఈ విలువ పెద్దగా మారదు. ఫైలులోని ప్రతి బిట్టునూ లెక్కలోకి తీసుకునే ఎస్‌హెచ్ఏ-256 అనే మరో రకం హ్యాష్ అయితే ఒక్క బిట్టు తేడా వచ్చినా మొత్తం మారిపోతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన నడిపి చూసిన విద్యార్థికి మళ్లీ ఉత్సాహం నూరిపోయనక్కరలేదు. వాట్సాప్ సందేశాలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి మధ్యలో ఎవరూ తనిఖీ చేయలేరు. అనుమానం వచ్చినవారే ఒక నంబరుకు వీడియో పంపే ఏర్పాటు చేయాలి. పోల్చడానికి హైదరాబాద్ నుంచి నడిచే నిజనిర్ధారణ సంస్థ ఫ్యాక్ట్‌లీ తెలుగు కథనాలు ఉన్నాయి. వాటిని వాడుకునే ముందు అనుమతి అడగడం మర్యాద.

పద్మనాభనగర్ నివాసి:
వేధింపుల వైపు వెళ్లాలనుకునేవారికి తెరపై తిట్లను కనబడకుండా చేసే ‘ఊలి’ అనే బ్రౌజర్ ప్లగిన్ చూపించండి. టాటిల్ సంస్థ, మన నగరంలోనే ఉన్న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ కలిసి హిందీ, తమిళం, భారతీయ ఇంగ్లిష్‌ల కోసం దాన్ని రూపొందించాయి. తెలుగుకు అలాంటిది చేయబోతే మొదటి చిక్కు లిపిది: మనవాళ్లు తిట్టేది ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ మనిషికొక స్పెల్లింగుతో. ఇంకొక మాట. తిట్లను వర్గీకరించే పనిని పంతొమ్మిదేళ్ల అమ్మాయికి గంటల తరబడి అప్పగించకండి. ఇష్టపడినవారికే ఇచ్చి, రోజుకు కొంతసేపటితో ఆపించాలి.

పాత విద్యార్థి:
సార్, మార్కులను అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఫీజు కోసం ఇంట్లో అప్పు చేసిన కుర్రవాడు ప్లేస్‌మెంట్‌కు పనికిరాని దానిపై ఆరు నెలలు కూర్చోలేడు. చేసిన కోడ్‌పై వాడి పేరుండాలి, ఇంటర్న్‌షిప్‌కు చెల్లాలి. అలాగే ‘భద్రత’ అనగానే ఉత్సాహంతో ఎవరి వెబ్‌సైటునో తొలిచి చూస్తారు. అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని మొదటి రోజే చెప్పండి. లోపం కనబడితే సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేసే పద్ధతి ఉంది.

హొరమావు అధ్యాపకుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఈసారి వీడియో పని ఒక్కటే ఇస్తాను. మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు పెద్దలు తమకొచ్చే వీడియోలు పంపడానికి ఒప్పుకున్నారు. వీడియోను కుడి ఎడమలు తిప్పేస్తే మీరు చెప్పిన హ్యాష్ పట్టుకుంటుందా?

ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగి:
పట్టుకోదండి. తిప్పిన ఫ్రేముకు కూడా వేరుగా హ్యాష్ తీసి, రెండింటితోనూ వెతకాలి. కింద పెద్ద అక్షరాలతో తెలుగు పట్టీ అతికించినా తేడా వస్తుంది కాబట్టి, ఫ్రేము పైభాగాన్ని విడిగా పోల్చి చూడమనండి. మిగతా తంటాలు ఆ పెద్దలు పంపే వీడియోల్లోనే బయటపడతాయి.