సలా ఆట ఎందుకు తగ్గిందో ఎలా తెలుసుకోవాలి?

2024-25 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్ వింగర్ (మైదానం అంచు వెంట దాడి చేసే ఆటగాడు) మహమ్మద్ సలా 29 గోల్స్ కొట్టి, ఇంకో 18 కొట్టించాడు. లివర్‌పూల్ టైటిల్ గెలిచింది. తర్వాతి సీజన్‌లో అదే మనిషి కుడి లైన్ దగ్గర బంతి కోసం నిలబడిపోవడం, వచ్చినా డిఫెండర్‌ని దాటలేక వెనక్కి పాస్ ఇచ్చేయడం చూస్తుంటే మనసు కష్టంగా ఉంది.

తిరుపతిలో మా భవానీనగర్ రూమ్‌లో అందరిదీ క్రికెట్టే. అడిగితే "వయసైపోయిందిలే" అంటారు. ఆ సీజన్ మొదలయ్యేసరికి 33 ఏళ్లు నిజమే, కానీ ఒక్క వేసవిలో అంత తేడా వస్తుందా?

హైలైట్స్‌లో తప్పిన షాట్లే కనిపిస్తాయి. అందుకని పూర్తి మ్యాచ్‌లు మళ్లీ పెట్టుకుని అతనొక్కడినే గమనించాను. వెనక నుంచి పాస్‌లు అందించే అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 2025లో రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు కదా, బంతి ఆలస్యంగా వస్తోందేమో అనిపించింది. కానీ బంతి అవతలి వైపు ఉంటే కెమెరా సలాని చూపించదు, పరుగు తీశాడో లేదో తెలియదు. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లో అతను బంతిని ఎన్నిసార్లు తాకాడో ఆ లెక్కలూ చూశాను. అవి కారణం చెప్పవు.

ఆట లోతుగా తెలిసినవాళ్లు చెప్పండి: వింగర్‌కి వేగం తగ్గిందా, లేక పాస్‌లే సరిగా అందడం లేదా అన్నది టీవీలో ఏ గుర్తులు చూసి తేల్చుకోవాలి?