గాడ్జిల్లా యుగాలు: ఏ కాలంలో బరువు కుదిరింది, ఎక్కడ తేలిపోయింది?

కొత్తచూపు
గాడ్జిల్లా వర్సెస్ కాంగ్ తెలుగు డబ్బింగ్ చూసి అసలు జపాన్ సిరీస్‌కి వద్దామనుకునేవాళ్లకి దారి దొరకడం లేదు. 1954 నుంచి 2023 దాకా తోహో కంపెనీ మనుషులతో తీసినవే 30 సినిమాలు. వాటిని షోవా, హేసే, మిలీనియం, రేవా అని నాలుగు యుగాలుగా విడగొడతారు. దేన్ని బట్టి ఈ విభజన? కథల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది, తీసిన పద్ధతిలో తేడా ఏంటో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరీలు
ముందు లెక్క. షోవా 15 (1954–1975), హేసే 7 (1984–1995), మిలీనియం 6 (1999–2004), రేవాలో షిన్ గాడ్జిల్లా (2016), మైనస్ వన్ (2023). 2017–18లో వచ్చిన మూడు యానిమేషన్ సినిమాలు వేరు.

పేర్లు జపాన్ చక్రవర్తుల కాలాలవి గానీ క్యాలెండర్‌తో పోల్చి చూస్తే పొంతన ఉండదు. షోవా చక్రవర్తి పోయింది 1989 జనవరిలో. అంటే 1984 సినిమా వచ్చేనాటికి ఆయన గద్దె మీదే ఉన్నాడు, అయినా దాన్ని హేసేలో కలిపారు, ఎందుకంటే 1995 దాకా నడిచిన కథకి అదే మొదలు. రేవా కాలం మొదలైంది 2019 మేలో, మరి 2016 షిన్ గాడ్జిల్లా రేవా ఎలా అవుతుంది? అలవాటు, అంతే. మిలీనియం అనే చక్రవర్తి కాలమే లేదు.

ముప్పైమూడోవంతు
నన్నడిగితే చక్రవర్తుల్ని పక్కన పెట్టి ఎత్తుని బట్టి విడగొట్టాలి. 1954లో 50 మీటర్లు. 1984లో 80. 1991లో 100. 1999లో మళ్లీ 55. షిన్‌లో 118.5. మైనస్ వన్‌లో 50.1. ఈ అంకె మారినప్పుడల్లా సెట్టు, కెమెరా, పోట్లాట అన్నీ మారాయి.

లోపల మనిషున్న సూటు దాదాపు 2 మీటర్లు. వాడు 50 మీటర్లు అనిపించాలంటే ఊరంతా 25వ వంతులో కట్టాలి. 1954లో ఎఫెక్ట్స్ చూసిన ఎయిజి త్సుబురాయా పెట్టిన కొలత అదే. ఒక్క భవనం దగ్గర మాత్రం ఆయన కావాలని తప్పాడు. జపాన్ పార్లమెంటు గోపురం 65 మీటర్ల పైచిలుకు. 25వ వంతులో కడితే నమూనా 2.6 మీటర్లు వస్తుంది, గాడ్జిల్లా దాని పక్కన పొట్టివాడైపోతాడు. అందుకని దాన్ని 33వ వంతుకి దించారు. అప్పుడు 2 మీటర్లలోపు, వాడి తలకి సమానం. సినిమాలో వాడు ఆ గోపురం మీదకి వచ్చే షాట్ ఆపి చూడండి, పక్కనున్న మిగతా ఊరితో కొలత కలవదు. హాల్లో ఎవరికీ పట్టదు.

కొత్తచూపు
కొలత సరే. బరువు ఎలా వస్తుంది? కొన్నింట్లో కొండ కదిలినట్టుంటాడు, కొన్నింట్లో రబ్బరు బొమ్మ గెంతినట్టుంటాడు.

సెకనుకి120
కెమెరా వేగం. 50 మీటర్ల ఎత్తు నుంచి పెంకు కింద పడడానికి 3.2 సెకన్లు పడుతుంది. నమూనాలో అదే ఎత్తు 2 మీటర్లు, అక్కణ్నుంచి 0.64 సెకన్లలో పడిపోతుంది. తేడా అయిదు రెట్లు. 25కి వర్గమూలం 5 కదా, అదే సూత్రం: ఎన్నో వంతు నమూనా అయితే ఆ అంకె వర్గమూలం అన్ని రెట్లు వేగంగా తీసి, మామూలు 24 ఫ్రేముల వేగంతో చూపించాలి. 25వ వంతుకి 120 ఫ్రేములు. 1984లో 80 మీటర్లు కాబట్టి 40వ వంతు, దానికి 150 పైన. 100 మీటర్లకి 50వ వంతు, అంటే 170. ఇది పూర్తి లెక్క, సెట్లో ప్రతిసారీ అంత పెట్టరు.

పెట్టకపోవడానికి కారణం లైటు. 24 నుంచి 120కి వెళ్తే ఒక్కో ఫ్రేముకి వెలుగు అయిదో వంతే తగులుతుంది, అంటే అయిదు రెట్లు లైట్లు. అక్కడితో అయిపోదు. ముందున్న కరెంటు స్తంభం నుంచి వెనకున్న కొండ దాకా అంతా స్పష్టంగా ఉంటేనే పెద్ద ఊరనిపిస్తుంది. వెనకది మసకబారిందా, బొమ్మరిల్లని తెలిసిపోతుంది. దానికోసం లెన్సు కంతని చిన్నది చెయ్యాలి, ఒక్కో మెట్టు దించినకొద్దీ లైటు రెట్టింపు కావాలి. ఆ వేడంతా గాలాడని లేటెక్స్ తొడుగులో ఉన్న మనిషి మీద. 1954లో హరువో నకజిమా వేసుకున్న మొదటి సూటు 100 కిలోల దాకా బరువు, బిగుసుకుపోయి నడవడానికే రాలేదు. దాన్ని నడుం దగ్గర కోసి కాళ్ల షాట్లకి వాడుకున్నారు. రెండోది కాస్త నయం, అందులోనూ నిమిషాల లెక్కే. ఆ సినిమాలో షాట్లు పొట్టిగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

పాతరీలు
బాగా చెప్పారు సెకనుకి120 గారూ, ఒక్కటి కలుపుతా.  సూటులోని మనిషి తల గాడ్జిల్లా మెడ దగ్గరికే వస్తుంది, చూడ్డానికి కన్నాలు అక్కడే. తోకని పైనుంచి తీగలతో వేరేవాళ్లు ఆడిస్తారు. 1954లో మొహం దగ్గరి షాట్లు చాలావాటికి చేతికి తొడుక్కునే బొమ్మ వాడారు, దాని కళ్లూ దవడా సూటుతో కలవవు, రెండుసార్లు చూస్తే పట్టేస్తారు.

కైజూకాకినాడ
అయితే 1960ల్లో ఎందుకు గెంతుతాడు గురూ? త్సుబురాయాకి లెక్క తెలుసు కదా.

సెకనుకి120
తెలిసే చేశాడు. 1955లో వచ్చిన రెండో సినిమాలో అంగిరస్ అనే ఇంకో రాక్షసజీవితో పోట్లాట కొంత భాగం తక్కువ వేగంతో తీయడంతో తెర మీద గబగబా పడింది. ఊరకుక్కల కొట్లాటలా ఉంటుంది. 1962 కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లాకి వచ్చేసరికి జనం కుస్తీ అడిగారు, కుస్తీ ఇచ్చారు. జపాన్‌లో ఈ సిరీస్ మొత్తంలో ఎక్కువ మంది టికెట్ కొన్నది ఆ సినిమాకే, ఇక వెనక్కి తిరిగి చూస్తారా? 1965లో గెలిచాక గాల్లోకి ఎగిరి చెయ్యీ కాలూ ఓ పక్కకి తిప్పే 'షే' భంగిమ అప్పటి పిల్లల మాంగాలోది (మాంగా అంటే జపాన్ కామిక్). హాలు నవ్వడానికే పెట్టారు.

ఇంకోటి, 1962 నుంచి కలర్. అప్పటి కలర్ ఫిల్ముకి నలుపు తెలుపు కన్నా లైటు ఎక్కువ కావాలి, అంటే పైన చెప్పిన వేడి గోల ఇంకా పెరిగింది.

ముప్పైమూడోవంతు
షోవా అంతా ఒకే గాటన కట్టకండి. 1954 ఒకటి. 1962 నుంచి 1965 దాకా ఇంకొకటి. వీటిలో మోత్రా వర్సెస్ గాడ్జిల్లా (1964) సూటు నా లెక్కలో అన్నిట్లోకీ మంచిది, కనుబొమల కింద నుంచి కోపంగా చూస్తాడు. 1966, 67 సినిమాలు దీవుల మీద పెట్టారు. ఊరు కట్టే ఖర్చు లేదు, కానీ పక్కన మేడ లేకపోతే 50 మీటర్లని ఎలా తెలుస్తుంది? కొబ్బరిచెట్ల మధ్య మనిషంతే కనబడతాడు.

1970 జనవరిలో త్సుబురాయా పోయాడు. ఆ తర్వాత డబ్బూ తగ్గింది. 1972 గైగన్ సినిమాలో వాడింది 1968 నాటి సూటే, పోట్లాటలో ముక్కలు ఊడిపడడం కనిపిస్తుంది. పాత సినిమాల షాట్లు మధ్యలో అతికించారు. పగటి పోట్లాట ఉన్నట్టుండి రాత్రయిందంటే అతుకు అక్కడే. 1971 హెడోరా సినిమా మాత్రం వదలొద్దు. కాలుష్యం మీద అంత చిరాగ్గా ఇంకెవరూ తియ్యలేదు, గాడ్జిల్లా నోటి మంటతో వెనక్కి ఎగిరే సీను ఉన్నా సరే.

హేసేఅభిమాని
హేసేని అందరూ "కిరణాల పోట్లాట" అని తీసిపారేస్తారు. అలా ఎందుకైందో చూడండి. 1984కి టోక్యోలోని షింజుకులో 200 మీటర్ల టవర్లు లేచాయి. 50 మీటర్లవాణ్ని అక్కడ నిలబెడితే ఎవరికి భయం? 80 చేశారు, అదీ చాల్లేదు, 1991లో 100 చేశారు. ఆ సినిమాలో కొత్తగా కట్టిన టోక్యో మహానగర కార్యాలయం దగ్గర మెకా-కింగ్ గిడోరాతో, అంటే మూడు తలల కింగ్ గిడోరా యంత్రరూపంతో కొట్లాట. అసలు భవనం 243 మీటర్లు, 50వ వంతులో కట్టినా దాదాపు 4.9 మీటర్ల నమూనా. అంటే సూటు మనిషికి రెండింతల పైన.

ఈ ఎత్తు పెంచడంతో దెబ్బ పడింది చిన్న వస్తువుల మీద. 50వ వంతులో కారు అరచేతిలో ఇమిడిపోతుంది, కిటికీ చట్రం అగ్గిపుల్లంత. వివరం తగ్గింది, పగిలినప్పుడు పెచ్చులు పెద్దవిగా కనబడ్డాయి. సూట్లు కూడా లావెక్కాయి. 1984లో కెంపచిరో సత్సుమా వేసుకున్నది సుమారు 110 కిలోలు, అదీ వేరే నటుడి కొలతలకి చేసింది. అలాంటి సూట్లలో కుస్తీ పట్టలేరు. అందుకే ఎఫెక్ట్స్ దర్శకుడు కోయిచి కవకిత హయాంలో దూరం నుంచి నిలబడి కిరణాలు వదులుకోవడం. నా మటుకు ఆ నిలబడడంలోనే బరువుంది. వాడు పరిగెత్తడు, పక్కకి తప్పుకోడు, తగిలినా నడుస్తూనే ఉంటాడు.

వరసగా చూడాల్సింది కూడా ఇదొక్కటే. 1984లో షింజుకులో రాలిన కణాల మీదే 1989 బయోలాంటె కథ మొదలవుతుంది. 1993లో పుట్టిన గాడ్జిల్లా పిల్ల 1995కి గాడ్జిల్లా జూనియర్ అవుతుంది. మధ్యలో 1991 కాలప్రయాణం మాత్రం ఎన్నిసార్లు చూసినా లెక్క తేలదు, తేల్చే ప్రయత్నం వద్దు.

కైజూకాకినాడ
సూటు చూసి యుగం చెప్పడానికి గుర్తులు: 1954, 55 వాళ్లకి చెవులుంటాయి, కాలికి నాలుగు వేళ్లు. 1962 నుంచి చెవులు మాయం, వేళ్లు మూడు. 1984లో చెవులూ నాలుగో వేలూ తిరిగొచ్చాయి. 1989 నుంచి హేసేలో పళ్లు రెండు వరసలు. వీపు మీద రెక్కలు పెద్దగా, రంపంలా, ఊదా రంగు ఛాయతో ఉండి నోటి మంట నారింజ రంగులో వస్తే 1999 లేదా 2000. కళ్లు మొత్తం తెల్లగా ఉంటే 2001.

పాతరీలు
మిలీనియం గురించి ఎక్కువ లేదు. ఆరు సినిమాల్లో అయిదు దేనికది, చాలావరకు 1954 ఒక్కటి జరిగిందనుకుని మళ్లీ మొదలెడతాయి. 2003 టోక్యో ఎస్ఓఎస్ మాత్రం 2002 దానికి కొనసాగింపు, ఆ రెండూ కలిపి చూడాలి. ఎత్తు మళ్లీ 55కి దించడం మంచి పని, నమూనాలు పెద్దవయ్యాయి, ఇటుకల దగ్గర్నుంచి తెలుస్తాయి. ఇబ్బంది కంప్యూటర్ బొమ్మలతో. సూటు పక్కన అప్పటి సీజీ పురుగుల గుంపు పెడితే రెండిటి వెలుగూ కలవదు. షుసుకే కనెకో తీసిన 2001 సినిమా ఒక్కటి చాలు. 2004 ఫైనల్ వార్స్‌లో మనుషుల ఫైటింగే ఎక్కువ. తోహో స్టూడియోలోని పెద్ద నీటి కొలను కూడా ఆ సినిమాతోనే ఆఖరు, తర్వాత తీసేశారు.

సెకనుకి120
నీటి మాట ఎత్తారు కాబట్టి. ఊరుని కుదించొచ్చు, నీటిచుక్కని కుదించలేం. 4 మిల్లీమీటర్ల చుక్క 25వ వంతు సెట్లో 10 సెంటీమీటర్ల చుక్కలా కనిపిస్తుంది. 50వ వంతులో 20 సెంటీమీటర్లు. కెమెరా ఎంత వేగంగా తిప్పినా చుక్క సైజు మారదు. అందుకే షోవాలో గానీ హేసేలో గానీ సముద్రంలోంచి లేచే సీన్లలో భ్రమ చెదురుతుంది. నిప్పుదీ అదే రోగం, మంట నాలుకలు మరీ పెద్దవి. పొగ వేసి, రాత్రి పెట్టి కప్పిపుచ్చేవాళ్లు.

70 ఏళ్లుగా సతాయించిన ఆ నీటినే ముందు పెట్టుకుని తీసింది మైనస్ వన్. పడవ వెనక ఈదుకుంటూ వచ్చే సీను చూడండి, మెడ దగ్గర నీళ్లు పొడి పొడిగా, పొగలా చెదురుతాయి. మొత్తం 610 ఎఫెక్ట్ షాట్లు, 35 మంది. దర్శకుడు తకషి యమజకీయే ఎఫెక్ట్స్ కూడా చూశాడు. 2024లో ఆస్కార్ ఇచ్చింది దానికే.

హేసేఅభిమాని
షిన్ గాడ్జిల్లాని మర్చిపోయారు. పూర్తిగా సీజీ, కానీ కదలిక క్యోగెన్ రంగస్థల నటుడు మన్సాయి నోమురాది, ఆయన ఒంటికి సెన్సర్లు పెట్టి పట్టారు. చేతులు దాదాపు ఊపడు, తల తిప్పడు, నడుం పైభాగం విగ్రహంలా ఉంటుంది. సీజీకి ఫ్రేముల లెక్క అక్కర్లేదు, ఎలాగైనా పరిగెత్తించొచ్చు. అయినా 118.5 మీటర్లవాణ్ని అంత నెమ్మదిగా నడిపించారు చూడండి, అది సూటు సినిమాల దగ్గర నేర్చుకున్నదే.

కొత్తచూపు
చూసేటప్పుడు ఏ ప్రింటు పట్టుకోవాలి?

పాతరీలు
మూడు జాగ్రత్తలు. అమెరికా కోతలు: 1956లో అక్కడ విడుదలైన మొదటి సినిమాలో రేమండ్ బర్ అనే నటుణ్ని విలేఖరిగా కొత్తగా ఇరికించారు. 1984 దాన్లో మళ్లీ ఆయనే. అందులో రష్యన్ అధికారి క్షిపణిని ఆపబోయిన సీనుని, వాడే కావాలని వదిలినట్టు మార్చేశారు. జపనీస్ మాటలున్న ప్రింటు చూస్తేనే కథ తిన్నగా ఉంటుంది.

తెర వెడల్పు: 1954, 55 చతురస్రానికి దగ్గరగా ఉంటాయి. 1962–75 బాగా వెడల్పు. హేసే మధ్యస్థం. మిలీనియం మళ్లీ వెడల్పు. 1964 గిడోరా ప్రింటులో అంచున ఉన్న తల సగం తెగిపోయిందంటే అది పాత టీవీకి కత్తిరించినది, వదిలెయ్యండి.

మూడోది, కింగ్ కాంగ్ సినిమాకి జపాన్‌లో ఒక ముగింపు, అమెరికాలో ఒకటి అనే మాట వింటారు. అబద్ధం. రెండుచోట్లా ఈదుకుంటూ పోయేది కాంగే.

ముప్పైమూడోవంతు
ఒక పోలిక ఇస్తా, ఒకే సాయంత్రం చూడండి. గిన్జా దగ్గరి నిచిగెకి థియేటర్ 1954లో వాడి తోక తగిలి కూలుతుంది, 2023లో మళ్లీ కూలుతుంది. రైలు పెట్టె నోట కరవడం రెండిట్లోనూ ఉంది. ఎత్తు రెండుచోట్లా 50 మీటర్లే. మొదటిదాన్లో గోడ పెళుసుగా చేసిన ప్లాస్టర్, పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. రెండోదాన్లో ముందు దుమ్ము లేస్తుంది, తర్వాత గోడ పగుళ్లు తీసి కూలుతుంది.

కైజూకాకినాడ
స్టాప్‌వాచ్ పెట్టి కొలవచ్చన్నమాట, 3.2 సెకన్లు వస్తుందో లేదో.

సెకనుకి120
పెంకు పైకప్పు నుంచి ఊడితేనే, అదీ 50 మీటర్ల కప్పయితేనే. నిచిగెకి అంత ఎత్తు లేదు, ఇంకా ముందే పడాలి. 1954లో ఎక్కువసేపు పట్టిందంటే వేగం మోతాదు కన్నా పెంచి తీశారని అర్థం.